చెక్కలు, జంతికలు, అప్పడాలు విరగకుండా ప్యాకింగ్: తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంత రైతు కుటుంబాలకు సూచనలు

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లో సార్వా వరి కోసిన మాగాణుల్లో మినుము వేయడం ఎప్పటి నుంచో ఉన్న పద్ధతి. బియ్యం ఇంట్లోవే, మినప్పప్పు ఇంట్లోదే. అందుకే సన్నకారు రైతు కుటుంబాలు, స్వయం సహాయక సంఘాల మహిళలు అదనపు ఆదాయం కోసం ముందుగా ఆలోచించేది చెక్కలు, జంతికలు, మినప అప్పడాల గురించే. రుచిలో మనవాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు. ఇబ్బంది అంతా సరుకు ఊరు దాటాకే. ఇంటి దగ్గర గుండ్రంగా ఉన్న చెక్క గుంటూరు కొట్లో దిగేసరికి నాలుగు ముక్కలవుతుంది. హైదరాబాద్ వెళ్లేసరికి ప్యాకెట్ అడుగున పిడికెడు పొడి చేరుతుంది. కొట్టు యజమాని పొడి ఉన్న ప్యాకెట్‌ను తిప్పి పంపుతాడు. అందులో ముప్పాతిక భాగం బాగానే ఉన్నా, నష్టం మాత్రం మొత్తం ప్యాకెట్‌కు వస్తుంది.

చాలామంది దీనికి మందపాటి కవర్ కొనడమే మార్గం అనుకుంటారు. అది సగమే నిజం. సరుకు విరిగేది లోపల ఉన్న ఖాళీ వల్ల, పైనుంచి పడే బరువు వల్ల. ఆ రెండింటినీ ఆపకుండా ఎంత ఖరీదైన కవర్ వాడినా ప్రయోజనం ఉండదు.

ముందుగా ఎంత విరుగుతోందో తూచి చూడండి

ఏ మార్పు చేసే ముందైనా ప్రస్తుత నష్టం ఎంతో తెలియాలి. మామూలుగా పంపే పద్ధతిలోనే పది ప్యాకెట్లకు గుర్తు పెట్టి, వెళ్లే చోటికి పంపి, తెలిసినవారి చేత తిరిగి తెప్పించుకోండి. తెనాలి నుంచి రేపల్లెకు బస్సులో పంపి అదే బస్సులో వెనక్కి తెప్పించినా సుమారు 70 కిలోమీటర్ల కుదుపులు తగులుతాయి. తెరిచి ముక్కలు వేరు, మంచివి వేరు చేసి తూచండి. పావు వంతుకు మించి అంచు పోయిన చెక్కను విరిగినదిగానే లెక్కించాలి. కంటి అంచనా మీద ఆధారపడవద్దు. పైన కనిపించే నాలుగు మంచి చెక్కలు మనల్ని మోసం చేస్తాయి.

విరిగినవి ప్యాకెట్‌లో ఎక్కడ ఉన్నాయో కూడా చూడాలి. అడుగున పొడి ఎక్కువగా ఉంటే సరుకు లోపల కదులుతోందని అర్థం. పెట్టెలో అడుగు వరుస ప్యాకెట్లు మాత్రమే దెబ్బతింటే పైబరువు పడుతోంది. మూలల్లో ఉన్న ప్యాకెట్లే విరిగితే పెట్టె ఎక్కడో కింద పడింది. వ్యాధిని బట్టి మందు అన్నట్టు, ఈ మూడింటికీ చేయాల్సిన పని వేరు వేరు.

పిండి కలిపేటప్పుడే జాగ్రత్త

దగ్గరి కొట్లో అమ్మే చెక్కకు, దూరం వెళ్లే చెక్కకు ఒకే పిండి పనికిరాదు. వెన్న, వేడి నూనె ఎక్కువగా పోసి గుల్లగా చేసిన చెక్క నోట్లో కరుగుతుంది కానీ, లారీ ప్రయాణానికి తట్టుకోదు. దూరం పంపే వాయికి వెన్న కొంచెం తగ్గించండి. శనగపప్పు, పెసరపప్పు బాగా నానాలి. నానని పప్పు చెక్కలో రాయిలా ఉండి, పగులు దాని చుట్టూనే మొదలవుతుంది.

సైజు కూడా ముఖ్యమే. అరచేయంత చెక్క కంటే రెండంగుళాల చెక్క వంపును బాగా తట్టుకుంటుంది. అన్నీ ఒకే మందంలో, ఒకే చుట్టుకొలతలో రావాలంటే చేత్తో తట్టే బదులు పూరీ ప్రెస్సుతో నొక్కి, గుండ్రని రింగుతో కోయండి. అంచు పలచగా, మధ్య మందంగా ఉంటే అంచు ముందు రాలుతుంది. ఒకే సైజు ఉంటేనే తర్వాత వరుసగా పేర్చడానికి వీలవుతుంది. జంతికలను పెద్ద చుట్లుగా కాకుండా చిన్న చుట్లుగా వత్తితే సగం సమస్య తీరుతుంది. గులాబీ పువ్వుల విషయంలో మాత్రం మా సలహా ఒక్కటే: వాటిని మీ మండలం దాటించవద్దు. వాటికి తగిన ప్యాకింగ్ చేస్తే డబ్బా ఖరీదు పువ్వుల ఖరీదును మించుతుంది.

చల్లార్చడం

వేడి మీద కవర్‌లో వేస్తే లోపల ఆవిరి నీటి చుక్కలుగా మారి సరుకు మెత్తబడుతుంది. అలాగని గంటల తరబడి ఆరుబయట వదిలేయకూడదు. బాపట్ల, రేపల్లె సముద్రానికి దగ్గర కాబట్టి గాలిలో తేమ ఎక్కువ. వేయించిన చెక్కలో తేమ రెండు మూడు శాతమే ఉంటుంది. అది పెరిగేకొద్దీ కరకర పోతుంది. జల్లి ట్రేలలో పలచగా పరిచి, ఫ్యాను కింద పెట్టి, చేతికి వేడి తగలకుండా అయిన వెంటనే సీలు వేయాలి. వానరోజుల్లో తలుపులు మూసిన గదిలో ఈ పని చేయండి. పెద్ద గంగాళంలో గుట్టగా పోసి చల్లార్చే అలవాటు మానుకోవాలి. గుట్ట మధ్యలోవి వేడిగానే ఉంటాయి, అడుగున ఉన్నవి పైబరువుకే విరుగుతాయి.

కవర్ ఎంపిక

మామూలు పాలిథిన్ కవర్ తేమను కొంతవరకు ఆపుతుంది కానీ గాలిని ఆపలేదు. నూనె వంటకాలు పది పదిహేను రోజుల్లో అమ్ముడుపోతాయనుకుంటే అది చాలు. నెల దాటి నిల్వ ఉండాలంటే వెండి రంగు పొర ఉన్న మెటలైజ్డ్ కవర్ వాడాలి. అది తేమను, గాలిని, వెలుతురును మూడింటినీ అడ్డుకుంటుంది. నూనెకు మక్కిన వాసన త్వరగా రాదు.

పెద్ద కంపెనీల చిప్స్ ప్యాకెట్ ఉబ్బుగా ఉండటానికి కారణం లోపల నింపే నైట్రోజన్. అది నూనె పాడవకుండా కాపాడుతుంది, దిండులా పనిచేసి ఒత్తిడినీ ఆపుతుంది. అది చూసి పాలిథిన్ కవర్‌లో నైట్రోజన్ నింపించుకోవడం మాత్రం దండగ. ఆ పొర గుండా నైట్రోజన్ బయటికి పోతుంది, బయటి గాలి లోపలికి వస్తుంది. నైట్రోజన్ కావాలంటే మెటలైజ్డ్ కవర్ తప్పనిసరి. అంత పెట్టుబడి లేనివారు కవర్‌లో మామూలు గాలి నిలిచేలా సీలు వేసినా దిండు పని కొంత జరుగుతుంది. వాసన విషయంలో లాభం ఉండదు, విరగడం విషయంలో ఉంటుంది.

సీలు పడే చోట నూనె గానీ పిండి పొడి గానీ అంటితే సీలు నిలవదు. సరుకు పోసేటప్పుడు కవర్ మూతిలో గరాటు పెట్టండి, లేదా మూతిని పొడి గుడ్డతో తుడవండి. సీలు వెడల్పు కనీసం 8 మిల్లీమీటర్లు ఉండాలి. ప్రతి వాయి నుంచి రెండు ప్యాకెట్లను బకెట్ నీళ్లలో ముంచి మెల్లగా నొక్కండి. బుడగలు వస్తే ఆ సీలు పనికిరాదు.

పేర్చడమే అసలు కిటుకు

గాలి నింపిన కవర్ బయటి ఒత్తిడిని ఆపుతుంది కానీ, లోపల చెక్కలు ఒకదానికొకటి కొట్టుకోకుండా ఆపలేదు. అందుకే చెక్కల వంటి బిళ్లలను వదులుగా పోయకూడదు, పేర్చాలి. ఇది మన ఇళ్లలో తెలియని విషయం కాదు. ఊరెళ్లే పిల్లలకు డబ్బా సర్దే పెద్దవాళ్లు చెక్కలను నిలువుగా వరుసలు పేర్చి, సందుల్లో కారప్పూసో బూందీనో పోసేవారు. గుడ్లను ఊకలో పెట్టి సంతకు తీసుకెళ్లడం వెనుక కూడా ఇదే సూత్రం ఉంది. ఖాళీ ఉండదు, కుదుపుకు కాస్త మెత్తదనం ఉంటుంది. తినే సరుకుకు ఊక, గడ్డి మాత్రం వాడకండి. తేమ, పురుగు రెండూ వాటితో వస్తాయి.

నిలువుగా ఎందుకు పేర్చాలో ఒక చెక్కతో తేల్చుకోవచ్చు. రెండు చేతులతో పట్టుకుని వంచితే ఇట్టే విరుగుతుంది. అదే చెక్కను అంచు మీద నిలబెట్టి పైనుంచి వేలితో నొక్కితే చాలాసేపు ఆగుతుంది. చెక్కలు పూర్తిగా సమతలంగా ఉండవు. ఒకదాని మీద ఒకటి పడుకోబెడితే రెండు మూడు చోట్లే ఆనుకుని, పైబరువుకు మధ్యలో వంగి విరుగుతాయి. బిస్కెట్ ప్యాకెట్ లాగా చెక్కలను ముఖానికి ముఖం ఆనించి బిగుతుగా చుట్టి, ఆ చుట్టను పెట్టెలో అడ్డంగా పడుకోబెట్టండి. అప్పుడు ప్రతి చెక్కా అంచు మీద నిలబడి ఉంటుంది. పైనుంచి వచ్చే బరువు అంచు మీద పడుతుంది.

చుట్టకు పది, పన్నెండు చెక్కలు చాలు. పలచని ప్లాస్టిక్ ట్రేలో రెండు చుట్టలు పక్కపక్కన పెట్టి, ట్రేతో సహా కవర్‌లో జార్చి సీలు వేయాలి. ట్రే గోడ ఎత్తు చెక్క అంచు కంటే కాస్త ఎక్కువ ఉండాలి. అప్పుడు బరువు ట్రే మీద పడుతుంది, చెక్క మీద పడదు. ట్రేకు బదులు మూత ఉన్న గుండ్రని ప్లాస్టిక్ జార్ వాడితే చెక్క చుట్టుకొలత, జార్ లోపలి చుట్టుకొలత దాదాపు సరిపోవాలి. వేలు దూరేంత సందు ఉంటే చెక్కలు లోపల తిరుగుతూ అంచులు అరిగిపోతాయి. మూత కింద మిగిలిన ఖాళీని ఆహారానికి పనికొచ్చే కాగితాన్ని మడిచి పూరించండి. వార్తాపత్రిక కాగితం వాడకూడదు. దాని సిరా నూనెకు అంటుతుంది. ఆహారాన్ని వార్తాపత్రికల్లో చుట్టడాన్ని ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. 2018 ప్యాకేజింగ్ నిబంధనలు నిషేధించాయి.

పెద్ద కంపెనీలూ ఇదే దారి పట్టాయి. అమెరికాలో బంగాళాదుంప చిప్స్ విరగడం, సంచిలో సగం గాలే ఉండటం మీద కొనేవాళ్ల ఫిర్యాదులు పెరిగాక, ప్రాక్టర్ అండ్ గ్యాంబుల్ సంస్థలో ఫ్రెడ్ బౌర్ అనే రసాయన శాస్త్రవేత్త అన్ని చిప్స్‌నూ ఒకే వంపులో చేసి గొట్టం డబ్బాలో దొంతరగా పేర్చే పద్ధతి రూపొందించారు. దానికి 1970లో పేటెంట్ వచ్చింది. అదే ప్రింగిల్స్ డబ్బా. 2008లో ఆయన చనిపోయాక, ఆయన కోరిక మేరకు చితాభస్మంలో కొంత ఆ డబ్బాలోనే పెట్టి పూడ్చారు. అక్కడ డబ్బా ఒక్కటే మారలేదు, డబ్బాకు తగ్గట్టు సరుకు ఆకారాన్నే మార్చారు. మనం రింగుతో చెక్కలు కోయడం కూడా అలాంటిదే.

జంతికలు, గవ్వలను ఇలా పేర్చలేం. వాటికి గాలి నింపిన చిన్న కవర్లే మేలు. కిలో కవర్‌లో అడుగున ఉన్నవాటి మీద పడే బరువు పావుకిలో కవర్‌లో పడదు.

అప్పడాల సంగతి వేరు

వేయించిన సరుకుకు తేమ శత్రువు. పచ్చి అప్పడానికి తేమ పోవడమే ప్రమాదం. మినప అప్పడంలో సుమారు 14, 15 శాతం తేమ ఉంటే అది కొద్దిగా వంగుతుంది, విరగదు. మే నెల ఎండలో అతిగా ఆరితే గాజు పెంకులా అయి, కట్ట కట్టేటప్పుడే అంచులు రాలతాయి. మరీ పచ్చిగా ఉంటే బూజు పడుతుంది. అందుకని ఎండలో కొంత, నీడలో కొంత ఆరబెట్టాలి. అతిగా ఆరినవాటిని వెంటనే ప్యాక్ చేయకుండా ఒక రాత్రి మూతపెట్టిన డబ్బాలో కాస్త పచ్చిదనం ఉన్న అప్పడాలతో కలిపి ఉంచితే తేమ సర్దుకుంటుంది. అప్పడాన్ని మెల్లగా వంచి చూడండి. చిట్లకుండా కొంచెం వంగితే సరైన పదును.

అప్పడాలు సమతలంగా ఉంటాయి కాబట్టి వీటిని పడుకోబెట్టి పేర్చినా ఫర్వాలేదు. కట్ట పైన, కింద అదే చుట్టుకొలతలో గట్టి అట్ట బిళ్ల ఒక్కొక్కటి పెట్టి, గాలి లేకుండా బిగుతుగా సీలు వేయండి. వీటికి ఉబ్బిన కవర్ అనవసరం.

అట్టపెట్టె

కవర్ మీద రంగుల బొమ్మకు పెట్టే డబ్బులో కొంత అట్టపెట్టెకు పెట్టండి. దుకాణం చేరేదాకా సరుకును మోసేది పెట్టే. ఈ విషయంలో మనవాళ్లు చేసే పెద్ద పొరపాటు కిరాణా కొట్లో దొరికే పాత పెట్టెలు వాడటం. ఒకసారి బరువు మోసిన అట్ట రెండోసారి అంత మోయదు. సబ్బుల పెట్టె వాడితే నూనె సరుకు ఆ వాసన పీల్చుకుంటుంది కూడా.

పెట్టె కొనేటప్పుడు అట్ట లోపలి ముడతల గీతలు నిలువుగా ఉన్నాయో లేదో చూడండి. అవి చిన్న చిన్న స్తంభాల లాంటివి. అడ్డంగా ఉంటే పెట్టె త్వరగా కుంగుతుంది. పెట్టె బలం ఎక్కువగా నాలుగు మూలల్లో ఉంటుంది. గోదాములో పెట్టెలను మూల మీద మూల వచ్చేలా పేర్చాలి. గోడ కట్టినట్టు ఒకటి విడిచి ఒకటి పేర్చితే చూడటానికి గట్టిగా ఉంటుంది కానీ, పై పెట్టె మూల కింది పెట్టె నడిమి మీద పడి కుంగదీస్తుంది.

ఎంత గట్టి పెట్టె కావాలో ఇలా లెక్క వేసుకోవచ్చు. ఒక్కో పెట్టె 5 కిలోలు, ఎనిమిది ఎత్తున పేర్చుతారు అనుకుందాం. అడుగు పెట్టె మీద 35 కిలోలు పడతాయి. కానీ తేమ గాలికి అట్ట బలం సగం దాకా తగ్గుతుంది. రోజుల తరబడి బరువు కింద ఉన్నా తగ్గుతుంది, లారీ కుదుపులు వేరే. కాబట్టి నాలుగైదు రెట్లు, అంటే 140 నుంచి 175 కిలోలు ఆపగల పెట్టె కావాలని తయారీదారుకు చెప్పండి. మూడు పొరల పెట్టె చాలా, ఐదు పొరలది కావాలా అన్నది ఆయనే చెప్పగలడు. మన తీర ప్రాంతంలో వానాకాలం నిల్వకు ఐదు పొరలదే నయం. పెట్టెలను నేల మీద కాకుండా చెక్క పలకల మీద ఉంచండి.

పెట్టె లోపలి కొలత ప్యాకెట్లకు సరిగ్గా కుదరాలి. ముందు పెట్టె కొని తర్వాత ప్యాకెట్లు ఇరికించడం కాదు, ప్యాకెట్లను బల్ల మీద పేర్చి కొలిచి ఆ కొలతకు పెట్టె చేయించాలి. వరుసల మధ్య అట్ట పలక, ప్యాకెట్ల మధ్య గళ్ల అట్ట పెడితే పైబరువును అవి కూడా పంచుకుంటాయి. పెట్టె మరీ బరువైతే జారవిడుస్తారు, మరీ తేలికైతే విసిరేస్తారు. ఒక మనిషి రెండు చేతులతో నడుము దగ్గర పట్టుకుని మోయగలిగే సైజు మంచిది. పైన "పగిలే సరుకు" అని రాయండి. కానీ అది చదివి అందరూ మెల్లగా దించుతారని నమ్మి ప్యాకింగ్ తగ్గించవద్దు.

మీరే పడేసి చూడండి

కొత్త పెట్టెకు ఆర్డర్ ఇచ్చే ముందు ఒకటి నింపి, టేపు వేసి, నడుము ఎత్తు నుంచి, అంటే సుమారు 75 సెంటీమీటర్ల నుంచి, సిమెంటు నేల మీద పదిసార్లు పడేయండి. ఒకసారి మూల మీద, మూడుసార్లు ఆ మూలకు చేరే మూడు అంచుల మీద, ఆరుసార్లు ఆరు ముఖాల మీద. ప్యాకింగ్ పరీక్షా కేంద్రాల్లో తేలికపాటి పెట్టెలకు వాడే పద్ధతి ఇదే. తర్వాత తెరిచి, ముందు చెప్పినట్టే తూచి చూడండి. ఒక పెట్టె సరుకు పోతుంది, నిజమే. వంద పెట్టెలు పంపాక తెలుసుకోవడం కంటే అది చవక.

ఖర్చు గిట్టుబాటు అవుతుందా?

ఇవి ఉదాహరణ అంకెలు, మీ అంకెలు వేసుకోండి. కిలో రూ.300 చొప్పున 20 కిలోల చెక్కలు పంపారు. 15 శాతం, అంటే 3 కిలోలు విరిగాయి. ముక్కలను కిలో రూ.100కు అమ్మినా రూ.600 నష్టం. పావుకిలో ప్యాకెట్లు 80కి ట్రే రూ.2 చొప్పున రూ.160, నాలుగు పెట్టెలకు గళ్ల అట్ట రూ.25 చొప్పున రూ.100, మొత్తం రూ.260 అదనపు ఖర్చు. విరగడం 5 శాతానికి తగ్గితే నష్టం రూ.200కు దిగుతుంది. మిగిలింది రూ.400, ఖర్చు పోగా రూ.140 లాభం. వెనక్కి వచ్చే ప్యాకెట్లు తగ్గడం దీనికి అదనం.

అదే ఇప్పుడు విరుగుతున్నది 8 శాతమే అయితే ఆదా రూ.120, ఖర్చు రూ.260. ట్రేలు పెట్టడం నష్టమే. అలాంటివారు పెట్టె కొలత, పేర్చే తీరు మార్చుకుంటే చాలు. వాటికి పెద్దగా ఖర్చు లేదు. ముందు తూచి చూడమన్నది అందుకే.

లేబుల్, సలహా, సాయం

ప్యాకెట్ మీద ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. నంబరు, శాకాహార గుర్తు, తయారీదారు పేరు చిరునామా, నికర బరువు, ధర, తయారీ తేదీ, ఎప్పటిలోగా వాడాలో, బ్యాచ్ నంబరు, వాడిన పదార్థాలు ఉండాలి. ట్రే, కాగితం బరువు నికర బరువులో కలపకూడదు.

బాపట్లలో ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చెందిన ఆహార సాంకేతిక కళాశాల, పంట కోత అనంతర సాంకేతిక కేంద్రం ఉన్నాయి. తేమ శాతం, నిల్వ కాలం, కవర్ ఎంపిక గురించి అక్కడి శాస్త్రవేత్తలను అడగవచ్చు. వెళ్లేటప్పుడు మీ సరుకు ప్యాకెట్ ఒకటి, విరిగి వెనక్కి వచ్చినది ఒకటి తీసుకెళ్లండి. మాటల్లో చెప్పడం కంటే అది చూపిస్తే సలహా సూటిగా దొరుకుతుంది. పెట్టె బలం పరీక్ష కోసం ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్యాకేజింగ్ కేంద్రం హైదరాబాద్‌లో ఉంది.

సీలింగ్ మిషన్, ప్రెస్సు వంటివి కొనడానికి 2020లో మొదలైన ప్రధానమంత్రి సూక్ష్మ ఆహార శుద్ధి పరిశ్రమల క్రమబద్ధీకరణ పథకంలో బ్యాంకు రుణంతో ముడిపడి 35 శాతం, గరిష్ఠంగా రూ.10 లక్షల రాయితీ పెట్టారు. ఆహార తయారీలో ఉన్న సంఘ సభ్యులకు ఒక్కొక్కరికి రూ.40,000 వరకు మూలధనం కూడా అందులో ఉంది. ప్రస్తుతం దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో గ్రామాల వారు మండల వెలుగు కార్యాలయంలో, పట్టణాల వారు మెప్మా కార్యాలయంలో కనుక్కుని, ఆ తర్వాతే మిషన్‌కు అడ్వాన్సు ఇవ్వండి.